ఆర్ స్టూడియోలో డేటా ఫైలు తెరవడం: మన కంప్యూటర్లో ఉన్నది, నెట్‌లో ఉన్నది

తిరుపతిలో థీసిస్ పనిలో ఉన్న పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదట అడిగేది రిగ్రెషన్ గురించో, టీ టెస్టు గురించో కాదు. "ఫైలు ఉండాది సార్, కానీ ఓపెన్ కాలేదు" అంటారు. ఒకరిది మదనపల్లె టమాటా ధరల ఫైలు, ఇంకొకరిది చిత్తూరు తోతాపురి మామిడి రైతుల సర్వే, మరొకరిది ఆస్పత్రిలో రాసుకున్న షుగరు రీడింగులు. ఓపెన్ కాకపోవడం నిజానికి చిన్న కష్టమే. ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి, ఆగుతారు, ఎవరినో ఒకరిని అడుగుతారు. నాకు భయం ఓపెన్ అయిన ఫైళ్ల గురించే. తేదీలు తారుమారైనా, కామా ఉన్న అంకెలు ఎగిరిపోయినా, కొలత లేని రోజున -999 కూర్చున్నా ఫైలు ఏమీ జరగనట్టే తెరుచుకుంటుంది. సగటు వస్తుంది, గ్రాఫ్ వస్తుంది, దాన్నే నమ్ముకుని వైవా దాకా వెళ్తారు.

అందుకని ఫైలు ఎలా తెరవాలో చెబుతూనే, తెరిచింది సరిగ్గా వచ్చిందో లేదో ఎక్కడికక్కడ ఎలా పట్టుకోవాలో కూడా రాస్తున్నాను. నేను వాడేది ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్, దాని మీద ఆర్ స్టూడియో. రెండూ ఉచితం. లెక్క చేసేది ఆర్, మనం కూర్చుని పని చేసుకునే కిటికీ ఆర్ స్టూడియో, కాబట్టి ముందు ఆర్ వేసుకుని తర్వాత ఆర్ స్టూడియో వేసుకోండి. ఆర్ స్టూడియో తయారుచేసే కంపెనీ 2022లో తన పేరు పోసిట్ అని మార్చుకుంది. డౌన్‌లోడ్ పేజీలో ఆ పేరు చూసి కంగారు పడొద్దు, సాఫ్ట్‌వేర్ పేరు ఆర్ స్టూడియోగానే ఉంది.

ముందు ఫైలుకి ఒక ఇల్లు

ఆర్ స్టూడియోలో 'ఫైల్' మెనూకి వెళ్లి 'న్యూ ప్రాజెక్ట్' నొక్కండి. 'న్యూ డైరెక్టరీ' ఎంచుకుని డీ డ్రైవ్‌లో ఒక చిన్న పేరుతో ఫోల్డరు చేయండి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా ఉంటే తర్వాత తలనొప్పి ఉండదు. ఆ ఫోల్డరు లోపల ఇంకో ఫోల్డరు చేసి దానికి 'రా' అని పేరు పెట్టండి. ముడి సరుకు ఉండే చోటు అది. మీకు ఎవరో పంపిన ఫైలు గానీ, నెట్‌లో దించుకున్నది గానీ అందులోకి వెళ్తుంది. ఒకసారి వెళ్లాక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్'లో 'రీడ్ ఓన్లీ' టిక్కు పెట్టేయండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వాట్సాప్‌లో వచ్చిన ఫైలుని ఫోన్లో ఒకసారి తెరిచి, ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్‌తో ఒకసారి తెరిచి, "సేవ్ చేయాలా" అంటే అలవాటుగా ఎస్ కొట్టేస్తారు. అంతటితో అసలు ఫైలు పోతుంది. సీఎస్‌వీ ఫైలుని, అంటే విలువల మధ్య కామాలు పెట్టి దాచే మామూలు టెక్స్ట్ ఫైలుని, ఎక్సెల్‌తో తెరిచి సేవ్ చేస్తే సున్నాతో మొదలయ్యే కోడ్‌లలో ముందున్న సున్నా పోతుంది, 12 అంకెల నంబర్లు మధ్యలో ఇంగ్లిష్ 'E' అక్షరం ఉన్న పొట్టి రూపంలోకి మారతాయి, తేదీల రూపం మారుతుంది. పోయిన సున్నా మళ్లీ రాదు.

ప్రాజెక్టు చేసుకోవడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. విండోస్ ఫైలు దారిలో \ గుర్తు వాడుతుంది, ఆర్ మాత్రం ఆ గుర్తుని వేరే పనికి వాడుకుంటుంది. ఎక్స్‌ప్లోరర్ నుంచి దారి కాపీ చేసి కోడ్‌లో అతికిస్తే ఎర్ర అక్షరాలు రావడానికి సగం సార్లు ఇదే కారణం. ప్రతి \ని / గా మార్చండి. ప్రాజెక్టు లోపలే పని చేస్తే 'రా' ఫోల్డరు పేరు, స్లాష్, ఫైలు పేరు రాస్తే చాలు, పొడుగు దారితో పనే లేదు. మీ గైడు తన కంప్యూటర్లో అదే ఫోల్డరు తెరిచినా కోడ్ నడుస్తుంది.

ఇది నిజంగా ఏ ఫైలు?

విండోస్ ఫైలు పేరు చివరి అక్షరాలను దాచేస్తుంది. ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ'కి వెళ్లి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్కు పెట్టండి. అయితే పేరు చివర ఎక్స్ఎల్ఎస్ అని ఉన్నంత మాత్రాన అది ఎక్సెల్ ఫైలు అయిపోదు. చాలా వెబ్‌సైట్లలో 'ఎక్సెల్ డౌన్‌లోడ్' బటన్ నొక్కితే వచ్చేది ఒక వెబ్ పేజీలోని పట్టిక, దానికి ఎక్సెల్ పేరు తగిలించి ఇస్తారు. ఎక్సెల్ దాన్ని ఒక హెచ్చరిక చూపించి ఎలాగో తెరుస్తుంది, ఆర్ తెరవదు.

తెలుసుకోవడం సులువు. ఫైలుని నోట్‌ప్యాడ్‌తో తెరవండి. మొదటి అక్షరం < గుర్తు అయితే అది వెబ్ పేజీ. ఇంగ్లిష్ పీ, కే అక్షరాలతో మొదలై తర్వాత అర్థంకాని చెత్త కనిపిస్తే అది కొత్త తరం ఎక్సెల్ ఫైలో, జిప్ ఫైలో. కొత్త ఎక్సెల్ ఫైలు లోపల జిప్పే, అందుకే ఆ రెండింటికీ మొదటి అక్షరాలు ఒకటే. పదాలు, అంకెలు, మధ్యలో కామాలు చక్కగా కనిపిస్తే అది సీఎస్‌వీ. వెబ్ పేజీ అని తేలితే దాన్ని ఎక్సెల్‌లో తెరిచి 'సేవ్ యాజ్'లో మామూలు ఎక్సెల్ ఫైలుగా వేరే పేరుతో దాచుకుని, ఆ రెండో కాపీనే ఆర్‌లోకి తీసుకోండి.

కంప్యూటర్లో ఉన్న సీఎస్‌వీ

'ఫైల్' మెనూలో 'ఇంపోర్ట్ డేటాసెట్' ఉంటుంది. అందులో 'ఫ్రమ్ టెక్స్ట్' రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని పక్కన బేస్ అని, ఇంకోదాని పక్కన రీడర్ అని. రీడర్ ఉన్నది తీసుకోండి. మొదటిసారి కొన్ని ప్యాకేజీలు, అంటే ఆర్‌కి అదనపు సాధనాలు, వేసుకోమని అడుగుతుంది, ఒప్పుకోండి. దానికి నెట్ కావాలి.

ఒక పెద్ద కిటికీ తెరుచుకుంటుంది. పైన ఫైలు దారి, మధ్యలో డేటా నమూనా, కింద ఎడమవైపు ఆప్షన్లు, కుడివైపు కోడ్. 'బ్రౌజ్' నొక్కి 'రా' ఫోల్డరులోని ఫైలుని ఎంచుకోండి. నమూనా బాగా కనిపించగానే చేయి 'ఇంపోర్ట్' బటన్ మీదికి పోతుంది. అక్కడ ఆగండి. ఆ నమూనాలో ఉన్నవి మొదటి 50 వరుసలే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గానీ, నాలుగు వేల వరుసల ఫైలు సంగతి మొదటి 50 చూస్తే తెలియదు.

నమూనాలో ప్రతి నిలువు వరుస పేరు కింద దాని రకం రాసి ఉంటుంది: క్యారెక్టర్ (అక్షరాలు), డబుల్ (అంకెలు), డేట్ (తేదీ) అని. ఆర్ కొన్ని వరుసలు, మామూలుగా వెయ్యి, చూసి ఈ రకాన్ని ఊహిస్తుంది. ఊహకు లొంగని గడి కనిపిస్తే దాన్ని ఖాళీ చేసి ఒక హెచ్చరిక మాత్రం ఇస్తుంది. ఆ హెచ్చరికను ఎవరూ చదవరు. చదవండి.

టమాటా ధరలతో ఇది ఎలా దెబ్బ తీస్తుందో చెబుతాను. పీలేరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఒక వ్యాపారి ఖాతా పుస్తకం నుంచి రోజువారీ ధరలు టైపు చేసుకుంది. క్వింటాలు ధర వెయ్యి లోపు ఉన్నప్పుడు 850 అని, వెయ్యి దాటితే పుస్తకంలో ఉన్నట్టే 1,250 అని కామాతో కొట్టింది. ఇంపోర్ట్ చేసేటప్పుడు అంకెలే కదా అని ఆ నిలువు వరుసకి డబుల్ రకం పెట్టింది. డబుల్‌కి కామా అర్థం కాదు, కామా ఉన్న గడులన్నీ ఖాళీ అయ్యాయి. ఏవి ఖాళీ అయ్యాయో చూడండి: ధర వెయ్యి దాటిన రోజులు, అంటే రైతుకి నాలుగు డబ్బులు చేతికి వచ్చిన రోజులు. మిగిలినవన్నీ ధర పడిపోయిన రోజులే. ఆ అమ్మాయి లెక్కలో మదనపల్లె రైతుకి ఏ ఏడాదీ మంచి ధర రాలేదు. మూడు నెలల రాత పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

దీనికి మందు ఒక్క క్లిక్కే. నిలువు వరుస పేరు పక్కన ఉన్న చిన్న బాణం నొక్కి డబుల్ బదులు న్యూమెరిక్ ఎంచుకోండి. న్యూమెరిక్ కామాలను తీసేసి అంకెను నిలబెడుతుంది, మన లక్షల పద్ధతిలో 1,25,000 అని రాసి ఉన్నా సరే. తర్వాత ఒక పరీక్ష: 2023 జూలైలో మదనపల్లెలో టమాటా కిలో వంద దాటింది. మీ ఫైలు ఆ నెలదాకా ఉంటే, క్వింటాలు లెక్కన పదివేలు దాటిన వరుసలు కనిపించి తీరాలి. కనిపించకపోతే ఇంపోర్ట్ తప్పు.

రెండో ఉచ్చు తేదీ. ఏదైనా నిలువు వరుసకి డేట్ అని రకం మార్చగానే ఆర్ స్టూడియో తేదీ ఏ రూపంలో ఉందో అడుగుతూ ఒక గడి చూపిస్తుంది. అందులో ముందే నింపి ఉన్నది అమెరికా పద్ధతి: నెల, రోజు, సంవత్సరం. అలాగే ఓకే కొట్టేస్తే మన 05/07/2023, అంటే జూలై 5, మే 7గా మారిపోతుంది. 13వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న రోజులు మాత్రం ఖాళీ అవుతాయి, ఎందుకంటే పదమూడో నెల లేదు. ప్రతి నెలలోనూ 12 తర్వాతి రోజులు మాయమైతే ఇదే జరిగిందని తెలుసుకోండి. ఆ గడిలో ముందున్నది చెరిపి, పర్సెంట్ గుర్తు పక్కన చిన్న డీ, స్లాష్, పర్సెంట్ పక్కన చిన్న ఎం, స్లాష్, పర్సెంట్ పక్కన పెద్ద వై రాయండి. వై చిన్నది రాస్తే రెండంకెల సంవత్సరం అనుకుంటుంది.

'ఇంపోర్ట్' నొక్కే ముందు కుడివైపు కింద ఉన్న కోడ్‌ని కాపీ చేసి, కోడ్ దాచుకునే ఒక స్క్రిప్టు ఫైల్లో అతికించుకోండి. మీరు మౌసుతో చేసిన ఎంపికలన్నీ ఆ నాలుగు లైన్లలో ఉంటాయి. అవి లేకపోతే వచ్చే నెల ఇదే ఫైలు తెరిచినప్పుడు ఏ నిలువు వరుసకి ఏ రకం పెట్టారో మీకే గుర్తుండదు.

తెలుగు అక్షరాలు గజిబిజి అయితే

ఊళ్ల పేర్లు, రైతుల జవాబులు తెలుగులో ఉన్న ఫైళ్లు మూడు రకాలుగా చెడిపోతాయి. మూడింటికీ మందు వేరు, కాబట్టి ముందు ఏ రోగమో చూడండి.

అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వరసగా కనిపిస్తే, ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడే తెలుగు పోయింది. ఇక్కడ చేసేది ఏమీ లేదు. అసలు ఎక్సెల్ ఫైలుకి వెళ్లి 'సేవ్ యాజ్'లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనే రకం ఎంచుకుని మళ్లీ దాచాలి. దాని పక్కనే మామూలు సీఎస్‌వీ అని ఇంకోటి ఉంటుంది, అది వద్దు.

టోపీలు, కొమ్ములు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు వరసగా కనిపిస్తే డేటా క్షేమం, చదివే పద్ధతే తప్పు. ఇంపోర్ట్ కిటికీలో 'లొకేల్' పక్కన 'కాన్ఫిగర్' నొక్కి ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) యూటీఎఫ్-8 అని పెట్టండి.

మూడోది మన ప్రాంతంలో తరచూ ఎదురవుతుంది. డీటీపీ సెంటర్లో టైపు చేయించిన ఫైలు. అక్కడ అను ఫాంట్లలో కొట్టిన తెలుగు యూనికోడ్ కాదు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో చక్కటి తెలుగు, ఇంకెక్కడైనా ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం. ఎన్‌కోడింగ్ ఎన్నిసార్లు మార్చినా ఇది బాగుపడదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో ముందు మార్చుకుని, ఒత్తులు సరిగ్గా వచ్చాయో లేదో ఒక పది పేర్లు కంటితో చూసి, అప్పుడు ఆర్‌లోకి తీసుకురండి. కొత్తగా సర్వే మొదలుపెట్టేవాళ్లు టైపు చేసేవాళ్లకి యూనికోడ్‌లోనే కొట్టమని మొదటి రోజే చెప్పేయండి.

ఎక్సెల్ ఫైలు

'ఇంపోర్ట్ డేటాసెట్'లో 'ఫ్రమ్ ఎక్సెల్'. ఇక్కడ షీటు పేరు ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే మొదటి షీటే వస్తుంది, చాలా ఫైళ్లలో మొదటి షీటు ముఖపత్రం మాత్రమే.

ప్రభుత్వ పట్టికల్లో పైన రెండు మూడు వరుసల శీర్షికలు, కలిపేసిన గడులు, అడుగున చిన్న గమనికలు ఉంటాయి. కలిపిన గడిలో విలువ ఎడమవైపు మొదటి గడికే చెందుతుంది, మిగతావి ఖాళీగా వస్తాయి. వీటితో కుస్తీ పట్టకండి. 'రేంజ్' అనే గడిలో నిజమైన డేటా మొదలయ్యే గడి, రెండు చుక్కలు, ముగిసే గడి రాయండి. పై శీర్షికలు, కింది గమనికలు రెండూ ఒక్క దెబ్బతో పోతాయి. తేదీల నిలువు వరుసలో 45292 లాంటి అంకె కనిపిస్తే భయపడకండి, ఎక్సెల్ తేదీని లోపల రోజుల లెక్కగా దాచుకుంటుంది. 45292 అంటే 2024 జనవరి 1. ఆ వరుసలో ఎక్కడో ఒక గడిలో ఎవరో 'సెలవు' అనో, గీతనో కొట్టి ఉంటారు, అందుకే ఆర్ దాన్ని తేదీ వరుసగా గుర్తించలేదు. ఆ గడి వెతికి పట్టుకుంటే సమస్య తీరుతుంది.

ఎస్‌పీఎస్ఎస్, స్టాటా అనే వేరే గణాంక సాఫ్ట్‌వేర్ల ఫైళ్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అదే మెనూలో వాటి పేర్లతో దారులున్నాయి, తేలిగ్గా తెరుచుకుంటాయి. వాటిలో 1 అంటే పురుషుడు, 2 అంటే స్త్రీ లాంటి లేబుళ్లు అంకె వెనక దాగి ఉంటాయని మాత్రం మరవద్దు. 'తెలియదు' అన్న జవాబుకి 8 అనో 98 అనో వేసి ఉంటే అది కూడా అంకెగానే సగటులోకి వచ్చేస్తుంది.

నెట్‌లో ఉన్న ఫైలు

ఇంపోర్ట్ కిటికీలో పైన ఉన్న ఆ గడి పేరు 'ఫైల్/యూఆర్ఎల్'. ఫైలు దారి రాసే చోటే వెబ్ లింకు కూడా అతికించవచ్చు. అతికించగానే 'బ్రౌజ్' బటన్ 'అప్‌డేట్'గా మారుతుంది, అది నొక్కితే నమూనా వస్తుంది. మిగతాదంతా మామూలే.

చిక్కంతా లింకులోనే. మీరు బ్రౌజర్‌లో చూస్తున్న పేజీ లింకు వేరు, ఫైలు లింకు వేరు. లింకుని కొత్త ట్యాబులో అతికించి చూడండి. ఉత్త అంకెలు, కామాలు కనిపించినా, వెంటనే డౌన్‌లోడ్ మొదలైనా అది ఫైలు లింకు. బొమ్మలు, మెనూలు, బటన్లు కనిపిస్తే అది పేజీ. గిట్‌హబ్‌లో అయితే 'రా' బటన్ నొక్కాక పైన వచ్చే లింకు తీసుకోవాలి. డ్రాప్‌బాక్స్ లింకు చివర సున్నా ఉంటుంది, దాన్ని 1 చేయాలి. గూగుల్ షీట్స్‌లో 'షేర్' లింకు పనికిరాదు, 'ఫైల్' మెనూలో 'పబ్లిష్ టు వెబ్'కి వెళ్లి సీఎస్‌వీ ఎంచుకుంటే వచ్చే లింకు కావాలి. అలా పబ్లిష్ చేసిన షీటుని లింకు ఉన్న ఎవరైనా చూడగలరు. రోగుల పేర్లు, రైతుల ఫోన్ నంబర్లు ఉన్న షీటుని దయచేసి అలా పెట్టకండి. ముందు పేర్లు, నంబర్లు తీసేసి వరస సంఖ్యలు ఇచ్చి, ఆ కాపీని పెట్టండి.

లాగిన్ అడిగే చోట, బొమ్మలో అక్షరాలు కొట్టమనే చోట ఈ పద్ధతి నడవదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వ్యక్తిస్థాయి డేటా కావాలంటే ముందు పేరు నమోదు చేసుకుని, దేనికి వాడతారో రాసి అనుమతి తెచ్చుకోవాలి. అలాంటివి చేత్తో దించుకుని 'రా' ఫోల్డరులో పెట్టుకోవడమే.

వర్షపాతం మీద పని చేసేవాళ్ల కోసం ఒకటి పూర్తిగా చేసి చూపిస్తాను. నాసా వాళ్ల పవర్ ప్రాజెక్టు భూమి మీద ఏ చోటుకైనా 1981 నుంచి రోజువారీ వాతావరణ డేటా ఉచితంగా ఇస్తుంది. వాళ్ల సైటులో తిరుపతికి అక్షాంశం 13.63, రేఖాంశం 79.42 ఇచ్చి, రోజువారీ అని, వర్షపాతం అని, సీఎస్‌వీ అని ఎంచుకోండి. వచ్చిన లింకు కాపీ చేసి ఇంపోర్ట్ గడిలో అతికించి 'అప్‌డేట్' నొక్కండి. నమూనాలో అంతా ఒకే నిలువు వరుసలో గందరగోళంగా కనిపిస్తుంది. తప్పు మీది కాదు. ఫైలు మొదట్లో డేటా గురించిన వివరాలు కొన్ని లైన్లు ఉంటాయి, అవి 'ఎండ్ హెడర్' అన్న లైనుతో ముగుస్తాయి. ఆ లైనుతో కలిపి ఎన్ని లైన్లున్నాయో లెక్కపెట్టి 'స్కిప్' గడిలో ఆ సంఖ్య వేయండి. వర్షంతో పాటు ఉష్ణోగ్రత కూడా అడిగితే ఆ వివరాల లైన్లు పెరుగుతాయి, అప్పుడు స్కిప్ సంఖ్య కూడా మారాలి. ప్రపంచ బ్యాంకు సీఎస్‌వీలతోనూ ఇదే సంగతి, వాటిలో శీర్షికకి ముందు నాలుగు లైన్లు దాటించాలి. పైగా అవి జిప్‌లో మూడు ఫైళ్లుగా వస్తాయి కాబట్టి ముందు దించుకుని విప్పాలి.

ఆ వివరాల లైన్లను దాటించే ముందు ఒక్కసారి చదవండి. అందులోనే రాసి ఉంటుంది, కొలత లేని రోజుకి -999 వేశామని. ఇది చదవనివాళ్ల తిరుపతిలో వర్షపాతం మైనస్‌లోకి వెళ్తుంది. ఒక నెలలో రెండు రోజులు కొలత లేకపోయినా ఆ నెల మొత్తం నాశనం. ఇంపోర్ట్ కిటికీలో 'ఎన్ఏ' (విలువ లేదు) జాబితాలో -999 కనిపించకపోతే, కోడ్‌ని స్క్రిప్టులోకి కాపీ చేసుకుని, ఫైలుని చదివే 'రీడ్ సీఎస్‌వీ' ఆదేశం చివరి బ్రాకెట్‌కి ముందు కామా, ఇంగ్లిష్‌లో ఎన్ఏ అని చిన్న అక్షరాలతో, సమానం గుర్తు, కోట్స్ మధ్య -999 చేర్చండి. అదే జాబితాలో సున్నా అని ఉంటుంది, దాన్ని మాత్రం ఎంచుకోకండి. వర్షం పడని రోజులన్నీ 'కొలత లేదు' అయిపోతాయి. ఆ రెండూ ఒకటి కాదని రాయలసీమ వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

తెరిచాక సరిచూడటానికి మన ఊరి జ్ఞాపకమే సాక్ష్యం. 2021 నవంబర్ మూడో వారంలో తిరుపతి వీధులు ఏరులయ్యాయి, రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని కింది ఊళ్ల వాళ్లు నిద్ర మానుకున్నారు. మీ ఫైల్లో ఆ రోజుల దగ్గర వర్షం గుట్టగా లేచి కనిపించాలి. లేకపోతే తేదీలో గానీ అక్షాంశాల్లో గానీ పొరపాటుంది, 13.63ని 79.42 స్థానంలో రాసినవాళ్లని నేను చూశాను. అయితే మిల్లీమీటర్లు మన వానమాపకం చెప్పినంతే ఉండాలని చూడకండి. ఈ డేటాలో ఒక గడి అంటే అక్షాంశంలో అర డిగ్రీ, రేఖాంశంలో అంతకంటే కొంచెం ఎక్కువ, సుమారు 55, 68 కిలోమీటర్ల పలక. కొండ మీద తిరుమల, కింద తిరుపతి రెండూ ఒకే సగటులో కలిసిపోతాయి. తలకోన అడవికీ పుత్తూరు పొలానికీ తేడా చూపించాలనుకుంటే ఈ ఫైలు చాలదు.

పెద్ద ఫైలు సగంలో ఆగిపోతుంటే, ఆర్ డౌన్‌లోడ్‌కి మామూలుగా 60 సెకన్లే ఆగుతుందని గుర్తుంచుకోండి. 'ఆప్షన్స్' అనే ఫంక్షన్లో, అంటే ఆర్‌కి ఇచ్చే ఆదేశంలో, టైమౌట్ 300 అని పెడితే అయిదు నిమిషాలు ఆగుతుంది. విండోస్‌లో ఎక్సెల్ ఫైలుని 'డౌన్‌లోడ్ డాట్ ఫైల్' ఫంక్షన్‌తో దించేటప్పుడు 'మోడ్' దగ్గర డబ్ల్యూ, బీ అని చిన్న అక్షరాలతో రాయాలి. రాయకపోతే ఫైలు వస్తుంది గానీ పాడైపోయి వస్తుంది, ఎక్సెల్ కూడా దాన్ని తెరవలేదు.

లింకు నుంచి నేరుగా చదవడం చూసుకోవడానికి బాగుంటుంది, థీసిస్‌కి మాత్రం పనికిరాదని నా అభిప్రాయం. అవతలి వాళ్లు పాత అంకెలు సవరిస్తారు, కొత్తవి చేరుస్తారు, లింకే మారుస్తారు. లింకు సరిగ్గా పనిచేస్తోందని తేలగానే ఫైలుని దించి 'రా' ఫోల్డరులో పెట్టండి. పేరులో ఆ రోజు తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో చేర్చండి. ఆ తర్వాత పనంతా ఆ కాపీ మీదే.

లెక్క అప్పజెప్పించుకోవడం

ఫైలు వచ్చాక నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్ని వరుసలు, ఎన్ని నిలువు వరుసలు? 'డిమ్' అనే ఫంక్షన్ చెబుతుంది. ప్రతిదానిలో కనిష్ఠం, గరిష్ఠం ఎంత, ఖాళీలెన్ని? 'సమ్మరీ' చెబుతుంది. చదివేటప్పుడు ఎక్కడ తడబడింది? 'ప్రాబ్లమ్స్' ఏ వరుసలో ఏ గడో చూపిస్తుంది. నాలుగోది ఏ ఫంక్షనూ చెప్పదు: మీకు బయట నుంచి తెలిసిన ఒక సంఖ్యతో ఇది సరిపోతోందా?

ఉదాహరణకి 2011 జనగణనలో చిత్తూరు జిల్లా జనాభా 41,74,064. అప్పటి జిల్లాలో 66 మండలాలు. మీరు తెరిచిన మండలాల పట్టికలో 67 వరుసలుంటే జిల్లా మొత్తం కూడా ఒక వరుసగా వచ్చేసిందన్నమాట, కూడితే రెట్టింపు అవుతుంది. జనగణన ఫైళ్లలో ప్రతి చోటుకీ మొత్తం, గ్రామీణం, పట్టణం అని వేర్వేరు వరుసలుంటాయి, అవన్నీ కలిపి కూడినా ఇదే గతి. 'మొత్తం' అన్న వరుసలే ఉంచి, మండలాలనే ఉంచి, కూడి చూడండి. 41,74,064 వస్తే ముందుకెళ్లండి.

మన జిల్లాల మీద పని చేసేవాళ్లు పాత ఫైలు, కొత్త ఫైలు కలిపేటప్పుడు ఇంకొకటి చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయింది. తిరుపతి వేరే జిల్లా అయింది, గూడూరు, సూళ్లూరుపేట వైపు నెల్లూరు ప్రాంతం అందులోకి వచ్చింది. మదనపల్లె, పీలేరు అప్పుడు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. రెండు ఫైళ్లలోనూ 'చిత్తూరు' అనే ఉంటుంది కాబట్టి ఆర్ రెండింటినీ నిశ్చింతగా కలిపేస్తుంది. 2022లో చిత్తూరు టమాటా దిగుబడి కుప్పకూలినట్టు గ్రాఫ్ వస్తుంది, నిజానికి కూలింది సరిహద్దు. జిల్లా పేరు మీద కాకుండా మండలం పేరు మీద కలపండి. మండలాల డేటా లేకపోతే 2022కి ముందు, తర్వాత అని రెండు వేర్వేరు గీతలుగానే చూపించండి.

చివరగా 'రా' ఫోల్డరులో ఒక నోట్‌ప్యాడ్ ఫైలు పెట్టి ప్రతి డేటా ఫైలుకీ నాలుగు ముక్కలు రాయండి: ఎక్కడిది, లింకు ఏమిటి, ఏ తేదీన దించారు, తెరిచినప్పుడు ఎన్ని వరుసలు. రేపు గైడు అదే లింకు తెరిచి, మీ అధ్యాయంలో ఉన్నదానికంటే వేరే సంఖ్య చూసి అడిగితే, ఆ రోజు దించిన ఫైలునీ ఈ రోజుదాన్నీ పక్కపక్కన తెరిచి ఏ వరుసలో మార్చారో చూపించవచ్చు.